ప్రభువు చెప్పాడన్నాను, ఫోన్ వచ్చిందని చెప్పలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం చెప్పమని మీ పాస్టరుగారు పిలిస్తే నాలుగు ఆదివారాలు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను, ఈవేళ ఇక సాకులు అయిపోయి నిలబడ్డాను. తాగుడు మానినవాళ్లు సాక్ష్యం చెబితే వినడానికి బాగుంటుంది, డాక్టర్లు వదిలేసిన జబ్బు నయమైనవాళ్లు చెబితే కళ్లు చెమరుస్తాయి. నాకు తాగుడు లేదు, జబ్బూ లేదు. తెల్లపంచె కట్టుకుని, మందిరంలో మొదటి వరసలో కూర్చుని, స్తోత్రం స్తోత్రం అంటూనే పాడైపోయిన మనిషిని నేను! దేవుడు అనని మాటను దేవుడి నోట పెట్టినవాడిని. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

నా పేరు దేవదానం. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక మాది. ఉద్యోగం చేసినన్నాళ్లూ కాలువ లాకుల దగ్గర లస్కరుగా పనిచేశాను. తలుపులు ఎత్తడం, దించడం, గేజీ రాయి మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం, ఇదే నా పని. ఆ రోజుల్లో రైతులు నా కోసం గట్టు మీద కాచుకుని కూర్చునేవారు, "దేవదానంగారూ, నీళ్లు ఎప్పుడు వదులుతారండీ" అని అడిగేవారు. రిటైరైన మర్నాటి నుంచి నన్ను అడిగినవాడు లేడు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే పలకరించి వెళ్లిపోయేవారు. సహోదరులారా, మనిషికి ఆకలి అన్నం ఒక్కదానికే ఉండదు, నలుగురూ తనను అడగాలన్న ఆకలి ఒకటి ఉంటుంది, ఆ ఆకలిని సాతాను నాకంటే ముందే కనిపెట్టాడు.

భద్రాచలంలో నాకు వెంకటరత్నం అని పాత స్నేహితుడు ఉన్నాడు, వరద రోజుల్లో అక్కడి నీటిమట్టం చూసి నాకు ఫోన్ చేస్తాడు. అక్కడ ఇంత ఉంటే ఎన్ని గంటలకు మా లంకలో ఎంత ఎక్కుతుందో నాకు వేళ్ల మీద లెక్క. రిటైరైన తర్వాత వచ్చిన మొదటి వరదకు పొద్దున్నే వాడి ఫోన్ వచ్చింది, ఆ మధ్యాహ్నం మందిరంలో ఉపవాస ప్రార్థన. ఆ సంగతి చెబుదామనే లేచాను, నిజంగా అందుకే లేచాను! కానీ ఫోన్ వచ్చిందంటే ఎవరు లెక్క చేస్తారు, ఫోన్లు అందరికీ వస్తాయి కదా అనిపించి, నోరు తెరిచేసరికి "ఎల్లుండి పొద్దుటికి నీళ్లు ఈ మందిరం మెట్లు తాకుతాయని ప్రభువు నాతో మాట్లాడాడు" అన్నాను. వెంటనే వెనక వరసలోంచి ఎస్తేరమ్మ పిన్ని, ఒక్క గేదె పాలమ్ముకుని బతికే విధవరాలు, రెండు చేతులూ ఎత్తి "స్తోత్రం తండ్రీ!" అంది. ఎల్లుండి పొద్దుటికి నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చాయి. అంతే, నేను ప్రవక్తనైపోయాను.

ఇంటికి వెళ్లాక నా భార్య సుగుణ అడిగింది. "ఏవండీ, పొద్దున్న వెంకటరత్నం అన్నయ్యగారు ఫోన్ చేశారు కదండీ, ప్రభువు మాట్లాడాడని చెప్పారేంటండీ?"

"ఆ ఫోన్ చేయించింది ఎవరే? ప్రభువు కాదూ?" అన్నాను.

నేను గెలిచాననుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ నావైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మరచిపోలేదు, అది కోపం కాదు, నా తరఫున తను సిగ్గుపడుతున్న చూపు.

అక్కడి నుంచి జారుడే. ప్రతి వరదకూ నేను చెప్పడం, చెప్పినట్టే జరగడం! పక్క లంకల నుంచి పడవ కట్టించుకుని వచ్చేవారు, కువైట్ వెళ్లే చెల్లెళ్లు వీసా వస్తుందా అని అడిగేవారు, పెళ్లి కుదురుతుందా అని అడిగేవారు, నేను కళ్లు మూసుకుని తోచింది చెప్పేవాడిని. అయిందా, ప్రభువు చెప్పాడు, కాలేదా, మీ విశ్వాసం చాలలేదు. ఎటు తిరిగినా తప్పు నాది కాదు. దేవదానంగారూ అన్నవాళ్లే అయ్యగారండీ అనడం మొదలుపెట్టారు, ఆ పిలుపు నాకు తేనెలా ఉండేది.

ఆ తర్వాత యుగాంతం వీడియోలు చూడడం పట్టుకున్నాను, పగలంతా అవే. ఒక ఏడాది శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఆనకట్ట దగ్గర ఒకటో ప్రమాద హెచ్చరిక వేశారు, రెండోది వేశారు, మూడోది కూడా తప్పదని వెంకటరత్నం ఫోన్‌లో చెప్పాడు. అది విని నా బుర్రలో ఏదో తిరిగింది. ప్రకటన గ్రంథంలో లోకాంతానికి ముందు వచ్చే మూడు శ్రమలు ఉన్నాయి, ఇక్కడ మూడు హెచ్చరికలు ఉన్నాయి, ఇంకేం కావాలి! మందిరంలో నిలబడి చెప్పేశాను. "శనివారం మూడో హెచ్చరిక వేస్తారు. అది దించేలోగా ప్రభువు మేఘాల మీద వస్తాడు. పడవలెక్కి పారిపోయేవాడు విశ్వాసి కాడు. గొడ్లను విప్పి గట్టుకు తోలేవాడు లోకాన్ని ప్రేమించినవాడు. వచ్చే వారం పాలు తాగేదెవరు, పితికేదెవరు?"

ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని ప్రభువే చెప్పాడు కదయ్యా అని ముసలి పాస్టరుగారు అడ్డుపడ్డారు. నేను ఆయన్ని అందరి ముందూ "మీకు ఆత్మ నడిపింపు లేదండీ" అన్నాను. నలభై ఏళ్లు ఆ లంకలో పిల్లలకు పేర్లు పెట్టి, ముసలివాళ్లను పాతిపెట్టిన మనిషిని అన్న మాట అది! జనం నావైపే ఉన్నారు.

నువ్వు నమ్మే చెప్పావా అని మీరు అడగవచ్చు. జవాబు చెబుతాను, నవ్వకండి. మూడో హెచ్చరిక వేసిన శనివారం పొద్దున్న, ఎవరూ చూడకుండా, నా పెన్షను కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద దాచాను. ప్రభువు వచ్చే వారంలో పెన్షను కాగితాలు ఎందుకు సహోదరులారా? నా నోరు మేఘాల గురించి చెబుతోంది, నా చేతులు మాత్రం నీళ్లు ఎంతవరకు వస్తాయో లెక్క కట్టి అటక మీద చోటు వెతుకుతున్నాయి. ఎస్తేరమ్మ పిన్నికి అటక లేదు. ఉన్నా, నా మాట విన్నాక దాని మీద ఏమీ దాచేది కాదు.

జాలర్ల పేటవాళ్లు, హిందువులు, గొడ్లన్నిటినీ ఏటిగట్టుకు తోలేసి వెళ్లిపోయారు. వాళ్లలో సత్తిబాబు అనే అతను పడవ మందిరం ముందు ఆపి నన్ను పిలిచాడు. "దేవదానంగారండీ, నీటి సంగతి మాకంటే మీకు బాగా తెలుసు కదండీ. మీరే ఉండిపోతే ఈ ముసలోళ్లు కదుల్తారాండీ?"

"మా పడవ పైనుంచి వస్తుంది" అన్నాను.

సాయంత్రానికి నీళ్లు మందిరం కిటికీలు ముంచాయి. ఇరవై మందికి పైగా తెల్లబట్టలతో డాబా ఎక్కాం. ఆదివారం పొద్దున్న చూస్తే చుట్టూ ఎర్రటి నీళ్లు, కొబ్బరి చెట్ల తలలు, ఆకాశంలో మేఘాలున్నాయి గాని వాటి మీద ఎవరూ లేరు. పాడుతున్నవాళ్ల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మధ్యాహ్నానికి వచ్చింది సత్తిబాబు పడవే! మూడుసార్లు తిరిగి మమ్మల్ని అందరినీ గట్టుకు చేర్చాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పడవ ఎస్తేరమ్మ పిన్ని ఇంటి మీదుగా వెళ్లినప్పుడు పశువులపాక కప్పు ఒక్కటే తేలుతూ కనిపించింది, ఆవిడ అటు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వరద శిబిరం హైస్కూల్లో పెట్టారు. మూడో హెచ్చరిక దించేశారు, రెండోది దించేశారు. జనం నా మొహంకేసి చూస్తున్నారు. అప్పుడైనా సిగ్గుపడ్డానా? లేదు! బల్ల మీద నిలబడి "మన కన్నీటి ప్రార్థన విని ప్రభువు లోకానికి గడువు పొడిగించాడు" అన్నాను. వాళ్లు ఆమెన్ అన్నారు. నా జీవితంలో అన్నిటికంటే నీచమైన మాట అదే, ఎందుకంటే మొదటిసారి అహంకారంతో అబద్ధమాడాను, ఈసారి ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి వాళ్ల ప్రార్థననే వాడుకున్నాను.

నీళ్లు తీశాక ఎస్తేరమ్మ పిన్ని ఇల్లు చూసుకోవడానికి వెళ్లి వచ్చింది. చేతిలో గేదె పలుపు, ఒండ్రు పట్టి గట్టిగా బిగిసిపోయి ఉంది. గుంజకు కట్టింది కట్టినట్టే చచ్చిపోయిందట, తడిసిన ముడి రాక కత్తితో కోశారట. ఆవిడ తిడుతుందేమోనని లేచి నిలబడ్డాను. ఆవిడ నా ముందు చేతులు జోడించింది.

"అయ్యగారండీ, మీ ప్రార్థన వల్ల ఇంతమంది బతికారండీ. నా గేదె ఒక్కటీ పోతే పోయిందిలెండి. మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయన చెబితే నాకు కాస్త ముందు చెప్పండి."

ఆవిడ కృతజ్ఞతలు చెబుతోంది సహోదరులారా! నాకు!

స్కూలు వెనక కుళాయి దగ్గర మోకాళ్ల మీద పడ్డాను. ప్రార్థనలో ఎన్నేళ్లుగానో వాగుతున్నవాడిని, నిజంగా దేవుడితో మాట్లాడాల్సి వచ్చేసరికి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి ఇలా అన్నాను. "ప్రభువా, నువ్వు చెప్పని మాట నువ్వు చెప్పావన్నాను. నిన్ను అబద్ధికుణ్ణి చేశాను. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. ఒక్క నిజం చెప్పే ధైర్యం ఇవ్వు తండ్రీ, ఆ తర్వాత నన్ను ఏం చేసినా సరే." ఏ స్వరమూ వినిపించలేదు. అది కూడా మీకు చెప్పాలి. ఏ స్వరమూ వినిపించలేదు, లేచి వచ్చాను, అంతే.

మరుసటి ఆదివారం ఒండ్రు కడిగిన మందిరంలో నిలబడి నా ఫోన్ పైకెత్తి చూపించాను. "నాతో మాట్లాడింది ప్రభువు కాదు, భద్రాచలంలో వెంకటరత్నం. మొదటి వరద నుంచీ అంతే. ప్రభువు రాకడ గురించి నేను చెప్పినదంతా నా సొంత కల్పన" అన్నాను. పెన్షను కాగితాల సంగతి కూడా చెప్పాను, అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. పాస్టరుగారి కాళ్లు పట్టుకున్నాను, ఆయన నన్ను లేవదీసి కూర్చోబెట్టారు. కొందరు ఏడ్చారు. కొందరు సాతాను నా చేత ఇలా పలికిస్తున్నాడన్నారు, నా ఒప్పుకోలునే నమ్మలేదు, నా అబద్ధం అంత బాగా నాటుకుంది! నాలుగు కుటుంబాలు మందిరం వదిలి, ఇంకెక్కడో తేదీలు చెప్పే మరొకాయన దగ్గరకు వెళ్లిపోయాయి. వాళ్లు ఈ రోజుకీ తిరిగి రాలేదు. ఆ పాపం నా తల మీదే ఉంది.

ఎస్తేరమ్మ పిన్ని అందరూ వెళ్లేదాకా కూర్చుంది. తర్వాత నా దగ్గరకు వచ్చింది. అయ్యగారండీ అనలేదు.

"దేవదానం, ఫోనొచ్చిందని చెప్పుంటే నా గేదెను విప్పుకునేదాన్ని కదయ్యా."

ఆ ఒక్క మాటే నాకు తీర్పు. నా దగ్గర ఉన్న నిజం చాలు ఆ గేదె బతకడానికి. నేను దానికి దేవుడి పేరు తొడిగాను, అది చచ్చిపోయింది. ఆయన నాకు లాకుల దగ్గర అన్నేళ్లు నేర్పించిన తెలివి వరం కాదనుకున్నాను, దొంగ వరం కోసం దాన్ని పాతేశాను. సహోదరులారా, మీ చేతిలో ఉన్న చిన్న నిజాన్ని చిన్నచూపు చూడకండి!

ఆ తర్వాత మా సుగుణ తన పుట్టింటి నుంచి ఒక గేదె పెయ్యను తోలించుకొచ్చి పిన్నికి ఇచ్చింది. నేను ఇచ్చానని ఎవరూ అనుకోకండి, ఆలోచన కూడా ఆవిడదే. మందిరంలో నేను ఇప్పుడు వెనక వరసలో చాపలు పరుస్తాను. వరద రోజుల్లో మాత్రం లేచి, భద్రాచలంలో ఇంత ఉంది, మన దగ్గర ఇంత రావచ్చు, ఇది ఫోన్‌లో విన్నది, నా లెక్క తప్పు కూడా కావచ్చు అని చెప్పి కూర్చుంటాను.

పోయిన వానాకాలం ఒకటో హెచ్చరిక వేయకముందే వెంకటరత్నం ఫోన్ వచ్చింది. అందరికంటే ముందు పిన్ని పాకకు పరుగెత్తాను. ఆవిడ పాలు పితుకుతోంది. ఆ పెయ్య ఇప్పుడు పాలిచ్చే గేదె.

"పిన్నీ, రేపు సాయంత్రానికి నీళ్లొస్తాయి."

ఆవిడ తలెత్తి చూసింది. "ఎవరు చెప్పారయ్యా?"

"వెంకటరత్నం ఫోన్ చేశాడు పిన్నీ."

"ప్రభువు కాదు కదా?"

"కాదు పిన్నీ."

"అయితే పలుపు విప్పు" అంది.

ఆ గేదెను నా చేతులతో గట్టు దాకా తోలుకెళ్లాను. దారంతా ఏడుస్తూనే వెళ్లాను, సిగ్గుతోనో సంతోషంతోనో నాకే తెలియదు. సహోదరులారా, ప్రభువు వస్తాడు, ఆ మాటను నేను ప్రాణంగా నమ్ముతున్నాను. ఎప్పుడో తెలుసునని ఎవరైనా మీకు చెబితే, ఆ మనిషి ఇంటికి వెళ్లి అటక మీద చూడండి! తేదీని నమ్మకండి, ఆయన్ని నమ్మండి. వచ్చేదాకా పాలు పితకండి, వరదొస్తే గొడ్లను విప్పండి, పొరుగువాడి పడవ వస్తే ఎక్కండి, దాన్ని కూడా ఆయనే పంపి ఉండవచ్చు. నాలా ఏదైనా అబద్ధాన్ని మోస్తున్నవారు ఈ కూటంలో ఉంటే ఈవేళే దించుకోండి, ఆయన నన్నే తోసివేయలేదు, మిమ్మల్ని తోసివేయడు. ఇన్నేళ్లూ అన్నీ తెలుసునన్న ఈ నోటితో "నాకు తెలియదు" అని అనిపించిన దేవునికే మహిమ.