సాయిబు మామ కన్ను పోయింది ఉలి జారి కాదు

సాయిబు మామ చనిపోయాడన్న కబురు వచ్చేసరికి నేను మనవరాలిని ఎత్తుకుని వీధరుగు మీద నిలబడి నవ్వుతున్నాను. ఆ రోజు దాని బారసాల. పెళ్ళైన అయిదేళ్ళకు మా అబ్బాయికి పుట్టిన బిడ్డ. నా సంతోషం ఏమని చెప్పను! దారిన పోయే ప్రతివాడినీ పిలిచి చేతిలో బెల్లం పెడుతున్నాను. "చాల్లే, లోకంలో ఇంకెవరికీ మనవరాలు పుట్టనట్టు" అని మా ఇంటావిడ లోపలినుంచి విసుక్కుంటున్నా వినడం లేదు. అప్పుడు మామ చిన్న కొడుకు వచ్చాడు. శుభకార్యం జరుగుతున్న గడప అని వీధిలోనే ఆగిపోయి, "బావా, అబ్బా పోయాడు. తెల్లారి నమాజుకి లేవలేదు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఈ రోజుకీ అదే కోపంతో రాస్తున్నాను. ఆ సాయంత్రం మామను మా అరుగు మీద కూర్చోబెట్టి, ఒళ్ళో బిడ్డను పెట్టి, ఊళ్ళో పెద్దలందరూ వింటుండగా ఒక మాట చెప్పాలనుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్న మాట. ఆ సంగతి పసిగట్టి తప్పించుకున్నట్టే పోయాడు ఆయన. పైగా నేను పెట్టిన బెల్లం నములుతూ అరుగు చివర కూర్చున్న ఒకడు, "ఎవురూ, ఒంటికన్ను సాయిబేనా? చెయ్యి వణికి ఉలి కంట్లో పొడుచుకున్నోడే గదా, పాపం" అన్నాడు. ఆ బెల్లం వాడి నోట్లోంచి లాగేద్దామనిపించింది.

మామ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ. వాళ్ళు తురకలు, మేము కాపులం. చుట్టరికం ఏముంటుంది? అయినా మా తాతలనాటినుంచి వరసలు కలిపి పిలుచుకోవడమే. నాగలి మేడి, బండి చక్రం ఆకు, పార కామ, ఏది విరిగినా వెల్దుర్తి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన పంచకే తెచ్చేవాళ్ళు. తెచ్చినవాడిని ముందు తిట్టేవాడు, తర్వాత కూర్చోమనేవాడు. "మేడి విరిగిందంటావేందిరా? విరగ్గొట్టానని చెప్పు. కర్ర తనంతట తాను చావదు" అనేవాడు. ఏ కర్ర చేతికి వచ్చినా తువ్వాలుతో చేతులు తుడుచుకుని గాని ముట్టుకునేవాడు కాదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. బాగవుతుందా మామా అని ఎవరైనా తొందరపెడితే, "నన్నెందుకు అడుగుతావు, దాన్నడుగు" అని కర్రను వాళ్ళ చేతికే తిరిగి ఇచ్చేవాడు.

విల్లు పని కూడా ఆయనకు వచ్చు. వయసులో ఉన్నప్పుడు నల్లమల అంచున చెంచు పెద్దల దగ్గర నేర్చుకున్నాడట. ఆ పనిలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా చేసినా, పాతది బాగుచేసినా, విల్లు ఇచ్చేముందు దాని సొంతదారు ఎదురుగా తానే మూడుసార్లు చెంపదాకా లాగాలి. "నా మొహానికి భయమైన విల్లు ఇంకొకడి చేతికి ఎట్టా ఇస్తాను?" అనేవాడు. అందుకే ఆయన ఒక విల్లును బాగుచేయనన్నాడంటే, దాని ముందు తన మొహం పెట్టనన్నట్టే.

యుద్ధం నడుస్తున్న రోజులవి. తుపాకి మందు దొరకడం లేదు. జొన్న కంకి పట్టగానే గుట్టమీది అడవిపందులు దిగి చేలకు చేలు దున్నేస్తున్నాయి. మా ఊళ్ళో ఉగాది మర్నాడు మగవాళ్ళందరూ కలిసి గుట్టకు వేటకు పోవడం ఆనవాయితీ. పందిని మొదట కొట్టినవాడికి ఊరి నడుమ తలపాగా చుడతారు. ఆ పాగా మా అబ్బాయి తలకు చుట్టించాలని నా ఆశ. వాడికి నాలుగో ఏట అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. క్రోసూరునుంచి సంబంధం చూడటానికి వచ్చిన పెద్దమనిషి, "ఒంటికన్నుతో చేను ఏం కాస్తాడు?" అని మొహాన్నే అనేసి వెళ్ళాడు. అయినా ఉగాదికి మళ్ళీ వస్తామన్నారు. "గురి చూసేటప్పుడు మీరంతా ఒక కన్ను మూసుకోవాల, నా కొడుక్కి ఆ పని కూడా లేదు" అని నేను ఊరంతా గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను. వాడికి విల్లు మాత్రం లేదు.

మాచెర్ల సంతలో ఒక పాత విల్లు దొరికింది. బలమైన వెదురు బద్ద, నడుమ ఎర్రదారం చుట్టి నున్నగా ఉంది. మేకపిల్లను ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి దారం విప్పితే పిడికిలి పట్టుకునే చోట జానెడు బీట. మోసపోయానని మా వాడికి చెప్పుకోలేక మామ దగ్గరకు పరిగెత్తాను.

"ఏంది అల్లుడూ ఇది?"

"విల్లు మామా."

"విల్లని నాకూ తెలుసు. పొయ్యిలో పెట్టకుండా నా కాడికెందుకు తెచ్చావని అడుగుతున్నా."

విల్లుకు ఆముదం రాసి, శుభ్రంగా తుడిచి, మోకాలి మీద కొంచెం వంచాడు. బీట వెంట ఆముదం సన్నగా చెమట పట్టినట్టు పైకి వచ్చింది. తర్వాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "బీట సంగతి సరే. లోపలింకేదో ఉంది. పురుగు తినుంటది. నాకు నమ్మకం లేదు" అన్నాడు. "వెదురు కొట్టి పొయ్యి మీద ఏలాడదీస్తా. ఏడాది ఆరనీ. కొత్తది చేసిస్తాను, చిల్లిగవ్వ కూడా వద్దు."

"ఏడాదంటే ఆ పిల్ల ఇంకో ఇంటికి పోద్ది మామా!"

"పోనీ. ఉన్న ఆ ఒక్క కన్నూ పోతే ఏం జేస్తావు?"

ఎంత స్పష్టంగా చెప్పాడో చూడండి. నేను వినలేదు. మూడు రోజులు ఆయన పంచలోనే కూర్చుని పోరుపెట్టాను. మూడోరోజు నా నోట అనకూడని మాట వచ్చింది. "ముందు నువ్వే లాగాల గదా, అందుకని వద్దంటున్నావు. ఇంత వయసొచ్చినా చానా తీపి మామా నీకు ప్రాణమంటే" అన్నాను. చేస్తున్న పని ఆపి నా వంక చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇటియ్యి" అన్నాడు.

ఆ ఒక్కమాటకే నాకు ఆయనమీద ఇప్పటికీ కోపం. ఎందుకు ఒప్పుకున్నట్టు? అంత తెలిసినవాడు, నాబోటి మూర్ఖుడి దెప్పుడుకు పడిపోవడమేంటి?

తోలు ఉడికించి జిగురు తీశాడు. ఎద్దు నరాన్ని దంచి, పోగులు పోగులుగా విడదీసి, జిగురులో తడిపి బీటమీద చుట్టాడు. నీడన ఎనిమిది రోజులు ఆరబెట్టాడు. తొమ్మిదోనాడు పొద్దున్నే నన్ను పిలిచాడు. మా వాడు చేనికి వెళ్ళాడు. పంచలో ఇద్దరమే ఉన్నాం. మామ విల్లు ఎక్కుపెట్టి ఒకసారి లాగాడు. చప్పుడు లేదు. రెండోసారి లాగాడు. నేను గంతులేశాను. "చూశావా! ఊరికే భయపెట్టావు గదా. రెండు చాల్లే మామా, ఇటియ్యి, పిల్లోడికి చూపిస్తా" అని చెయ్యి చాపాను.

"మూడోది ఉంది" అన్నాడు.

మూడోసారి విరిగింది. బీట దగ్గర కాదు, దానికి బెత్తెడు పైన. లోపలంతా పిండి పిండిగా పురుగు తినేసి ఉంది. ఈటెలాంటి పేడు ఒకటి లేచి ఆయన కుడికంట్లో దిగింది.

కింద కూలబడి, మొహమంతా నెత్తురు కారుతుండగా ఆయన మొదట చేసిన పని విరిగిన ముక్కను తడుముకోవడం. "కట్టు చూడు అల్లుడూ. ఊడిందా? నా కట్టు ఊడలా" అన్నాడు. ఆ తర్వాతే నొప్పితో మూలిగాడు.

కట్టు కట్టించుకుని పడుకున్నాక నా చెయ్యి పట్టుకుని, "ఉలి జారిందని చెబుతా. నా కొడుకులు కోపిష్టోళ్ళు, తెలిస్తే రెండిళ్ళకీ పడదు. క్రోసూరోళ్ళకి తెలిస్తే పిల్లనియ్యరు. నోరు మెదపనని ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను. ఒక్కసారన్నా అడ్డం చెప్పకుండా వేశాను. ఎందుకంటే అది నాకు కలిసొచ్చే ఒట్టు. ఆ ఏడు మా వాడికి వేటా లేదు, పాగా లేదు. అయినా నేను కాళ్ళావేళ్ళా పడితే వాళ్ళు పిల్లనిచ్చారు. పెళ్ళిలో మామ కంటికి గుడ్డ కట్టుకుని ముందు వరసలో కూర్చుని, "మీ వియ్యంకుడు అనుమానప్పక్షి. ఒంటికన్నోడి పక్కన ఇంకొకడు ఉండాలని నన్ను గూడా తయారుచేశాడు" అని ఆడపెళ్ళివారిని నవ్వించాడు. నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు.

ఊరు ఏం చేసింది? "సాయిబుకి చెయ్యి వణుకుతోంది" అంది. ఒకరి తర్వాత ఒకరు పని మానుకున్నారు. ఆయన వాకిటి ముందునుంచే మేడి భుజాన వేసుకుని పక్క ఊరి వడ్రంగి దగ్గరకు పోయేవాళ్ళు. "ఏరా, మేడిని తిరనాళ్ళకి తీసకపోతున్నావా?" అని నవ్వుతూ పలకరించేవాడు మామ. అటువైపు తిరిగాక ఆ నవ్వు ఉండేది కాదు. గోడకు ఇవతలినుంచి నేను చూశాను గనక చెబుతున్నాను. ఒకసారి రచ్చబండ దగ్గర ఒక పెద్దమనిషి, "ఉలి పట్టటం రానోడు ఇన్నాళ్ళు మన సొమ్ము తిన్నాడు" అన్నాడు. నేను నేల చూశాను.

అన్నట్టుగానే మరుసటి ఏడు మామ కొత్త విల్లు చేశాడు. చేసి, నన్ను పిలిచి, మిగిలిన ఒక్క కంటినీ దాని ముందు పెట్టి లాగబోయాడు. "వద్దు మామా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని నేను అరిచాను. "నీ కోసం పద్ధతి మారుస్తానా?" అన్నాడు. మూడుసార్లూ నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

బారసాల సగంలో వదిలేసి ఖబరస్తానుకు వెళ్ళాను. మా అబ్బాయి వెనకాలే వచ్చాడు. మట్టి కప్పడం అయ్యాక, అక్కడే, అందరూ ఉండగా జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఉలి జారలేదని, చెయ్యి వణకలేదని, ఆయన వేసిన కట్టు చివరిదాకా ఊడలేదని చెప్పాను. ఎవరో "మాకేం తెలుసు" అని గొణిగారు. "తెలవకపోతే నోరెందుకు తెరిచార్రా?" అని అరిచాను. అరవడం బాగానే ఉంది. తెలిసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణే గదా.

మామ పెద్దకొడుకు నామీదికి వస్తాడనుకున్నాను. రాలేదు. చేతుల మట్టి దులుపుకుంటూ, "మా అబ్బా పేరు ఇన్నేళ్ళు నీ ఇంట్లో దాచిపెట్టుకున్నావా బావా?" అన్నాడు. ఒక దెబ్బ వేసినా ఇంత నొప్పి ఉండేది కాదు.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. రాయడం చేతకాదు. అయినా ఆ రోజు అక్కడ లేనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన పంచ దాటి మేడి మోసుకుపోయిన వాళ్ళందరికీ ఇది చేరాలని రాస్తున్నాను. మీరు పనివాణ్ణి పోగొట్టుకున్నారు. తప్పు ఆయన చేతిది కాదు, నాది.

ఆ సాయంత్రం మా అబ్బాయి నా వెనకాలే ఇంటికొచ్చాడు. స్నానం చేసి నేరుగా ఉయ్యాల దగ్గరకు వెళ్ళాడు. బిడ్డ మెలకువగానే ఉంది, కాళ్ళు ఆడిస్తోంది. వాడు ఉయ్యాల పక్కన కూర్చుని, చూపున్న కంటిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు. రెండో చేత్తో బిడ్డ మొహాన్ని మెల్లగా తడిమాడు. నుదురు, ముక్కు, గడ్డం. అది ఏడుపు లంకించుకుంది. అయినా కంటిమీద చెయ్యి తీయలేదు.

"ఏందిరా అది?" అన్నాను.

"ఆ విల్లు ముందు నేను లాగి ఉంటే దీన్ని ఇట్టాగే గదా చూసేది. ఆగు నాయనా" అన్నాడు.