దారి ఆపినవాళ్లనే దారి అడిగాను

2010 అక్టోబరులో నన్ను ఫ్రాన్స్ పంపారు. అప్పుడు నేను తాగునీటి శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును. కొన్ని పంపుహౌసులూ, వాటి పైపులైన్లూ నా బాధ్యత. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఆఫీసు హయత్‌నగర్‌లో. మధ్యలో ఎల్‌బీ నగర్ చౌరస్తా.

విదేశీ పంపులు కొన్నప్పుడు, అవి ఓడ ఎక్కకముందే మా ఇంజినీర్లు ఆ ఫ్యాక్టరీకి వెళ్లి దగ్గరుండి నడిపించి చూస్తారు. ఎంత నీరు తోడుతోంది, ఎంత ఎత్తుకు పంపుతోంది, ఎంత కరెంటు తింటోంది, అదురుతోందా అన్నవి ఒప్పందంతో సరిపోతేనే సంతకం. ఈ ఇన్‌స్పెక్షన్‌కు ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు. ఈసారి నాతో రావలసిన ఆయనకు ఆఖరి వారంలో హెర్నియా ఆపరేషన్ అయింది. వేరొకరికి వీసా తెచ్చే వ్యవధి లేదు.

ఒక్క ఆడమనిషిని పంపితే, రేపు ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్పాలని చీఫ్ ఇంజినీరు ఫైలు పక్కన పెట్టారట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఒంటరిగా పంపుహౌసులు తనిఖీ చేస్తుంటే ఎవరికీ రాని బెంగ ఇప్పుడొచ్చింది. మా సూపరింటెండింగ్ ఇంజినీరుది గుంటూరు. ఆయనే నచ్చజెప్పి సంతకం పెట్టించారు. తర్వాత నన్ను పిలిచి, "చూడండమ్మా, మీరు సవ్యంగా వెళ్లొస్తే తర్వాత ఆడపిల్లలకు దారి దొరుకుతుంది. ఏమన్నా తేడా వస్తే ఇక ఎవరినీ పంపరు. ఆ వరుసలో మీ స్వరూప పేరే ముందుంది" అన్నారు.

స్వరూప నా కింద పనిచేసే అసిస్టెంట్ ఇంజినీరు. పనిమంతురాలు. తర్వాతి ఇన్‌స్పెక్షన్ వంతు ఆమెదే. ఆయన మాటతో నా పెట్టె బరువు పెరిగింది.

కాలనీలో సలహాలకు కొదవ లేదు. పుస్తెలతాడు తీసి బీరువాలో పెట్టమన్నారు. ఒకావిడ కారం పొట్లం ఇచ్చింది, ఎవరైనా మీదికొస్తే కళ్లలో కొట్టమని. దాన్ని ఇంట్లోనే కూరలో వేసి వచ్చాను. అందరూ కలిసి చెప్పింది మాత్రం ఒకటే: ఎవరితోనూ మాట్లాడొద్దు.

పారిస్‌లో దిగి రైలెక్కాను. ఫ్యాక్టరీ ఉన్న ఊరికి ఒక జంక్షన్‌లో బండి మారాలి. మధ్యాహ్నం దాటాక ఆ జంక్షన్‌లో దిగేసరికి బోర్డు మీద బళ్లన్నీ రద్దు. ఉద్యోగుల పదవీ విరమణ వయసు పెంచుతున్నారని దేశమంతా సమ్మె నడుస్తోంది. నాతో దిగినవాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున పరీక్ష. టికెట్ కిటికీ మూసి ఉంది. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే అటునుంచి ఫ్రెంచిలో రికార్డు మోగింది. నిజం చెప్పాలంటే భయం వేసింది.

అంతలో సూటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. చక్కని ఇంగ్లీషు. ఎక్కడికని అడిగి, తనూ అటే వెళ్తున్నానని, కారులో దింపుతానని అన్నాడు. మంచివాడే కావచ్చు. వద్దని చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దన్నాను, ఈసారి కాంట్రాక్టర్లతో మాట్లాడే గొంతుతో. వెళ్లిపోయాడు.

స్టేషన్ గేటు బయట డప్పులాంటి మోత వినిపించింది. వెళ్లి చూస్తే సమ్మెవాళ్లు. నారింజ రంగు కోట్లు, జెండాలు, ఇనుప పీపాలో నిప్పులు, దాని మీద ఏదో కాలుస్తున్నారు. ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఆ పొగ చూడగానే నాకు ఎల్‌బీ నగర్ గుర్తొచ్చి ధైర్యం వచ్చింది.

నీళ్ల ఉద్యోగానికి బంద్ ఉండదు. తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న ఆ రోజుల్లో రాస్తారోకో అయినా, రోడ్డు మీద వంటా వార్పూ అయినా నేను పంపుహౌసుకు వెళ్లాల్సిందే. మొదట్లో జనాన్ని తప్పించుకుని సందుల్లో తిరిగి, ఎక్కడో ఇరుక్కునేదాన్ని. ఒకరోజు అండాలమ్మ నా జీపు ఆపింది. కొత్తపేట మార్కెట్‌లో బత్తాయిలు అమ్ముతుంది, మా నల్గొండ వైపు మనిషే. బంద్ వస్తే చౌరస్తాలో పొయ్యి దగ్గర పెద్దరికం ఆమెదే.

"గా సందుల పొంటి ఎందుకు పరేషాన్ అయితవ్ బిడ్డా? రోడ్డు ఆపింది మేము. ఏ రోడ్డు తెరిచినమో మాకు ఎర్కనా, నీకు ఎర్కనా? కర్మన్‌ఘాట్ మీదికెల్లి పో. ఎవరన్న ఆపితె అండాలమ్మ పంపిందని చెప్పు" అంది. ఆపారు, చెప్పాను, వదిలారు. తర్వాత ఒకసారి, ఇంత గుంపులో ఆడవాళ్లకు భయం లేదా అని అడిగితే, "మా టెంటు కాడ ఆడమనిషికి ఏమన్న అయితె ఉద్యమానికే బద్నాం గాదా? మేమే కాపలా ఉంటం" అంది.

అందుకే పెట్టె లాక్కుంటూ నేరుగా ఆ నిప్పుల పీపా దగ్గరికే వెళ్లాను. యాభై దాటిన ఒకావిడ ముందుకొచ్చింది. పేరు మోనిక్, రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. కొద్దిగా ఇంగ్లీషు వచ్చు. నేను వెళ్లాల్సిన ఊరి పేరు చూపించి, మీరు రైళ్లు ఆపారు కాబట్టి దారి మీకే తెలిసి ఉండాలని అన్నాను. ఆవిడ పకపకా నవ్వి మిగతావాళ్లకు చెప్పింది. వాళ్లూ నవ్వారు. ముందు, పీపా మీద కాల్చింది పెట్టిన రొట్టెముక్క ఒకటి చేతికిచ్చారు.

గూడ్సు యార్డు వెనక నుంచి పల్లెల మీదుగా ఒక బస్సు ఉందనీ, దాని డ్రైవర్లు సమ్మెలో లేరనీ మోనిక్ చెప్పింది. తనే నాతో నడిచొచ్చి డ్రైవరుకు అప్పజెప్పింది. ఆ ఊరి స్టేషన్‌లో సమ్మెలో ఉన్న తమ మనిషికి ఫోన్ కూడా చేసింది. చీకటి పడకముందే నేను దిగేసరికి, నారింజ కోటు వేసుకున్న ఇంకో ఆవిడ స్టాపులో నిలబడి ఉంది. హోటల్ గుమ్మం దాకా వచ్చి, నేను లోపలికి వెళ్లాకే కదిలింది. గదిలోకి వెళ్లి మా సూపరింటెండింగ్ ఇంజినీరు గారికి ఫోన్ చేసి, చేరాననే చెప్పాను. మిగతాది చెబితే ఆయనకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.

మర్నాడు పంపులు నడిపించి చూశాను. ఒకటి అదిరింది. బేరింగ్ మార్పించి, మళ్లీ నడిపించాకే సంతకం పెట్టాను.

తిరిగొచ్చిన రోజున శంషాబాద్ నుంచి వస్తుంటే ఎల్‌బీ నగర్‌లో మళ్లీ బంద్. టాక్సీ ఆగింది. పొయ్యి దగ్గర అండాలమ్మ. జరిగింది చెప్పాను.

"ఏందీ, ఆడ గూడ రోడ్డు మీద వంటలేనా?"

"వంటలే. డప్పులు కూడా."

"కూర మంచిగుండెనా?"

"ఉప్పు తక్కువ."

"మరి సమ్మె ఎట్ల గెలుస్తరు?" అని నా పెట్టె ఇద్దరు మనుషులతో మోయించి, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఆటో దొరికేదాకా తోడు పంపింది.

ఆ మరుసటి ఏడాది స్వరూప ఫైలు పైకి వెళ్లింది. ఈసారి ఒక్కరికే అనుమతి; జర్మనీకి, ఒక్కతే. జవాబు ఎవరు చెప్పాలని అడిగిన చీఫ్ ఇంజినీరు ఈసారి పాస్‌పోర్టు గడువు ఉందా అని మాత్రమే అడిగి సంతకం చేశారు.

ఏం జాగ్రత్తలు తీసుకోవాలని స్వరూప నన్ను అడిగింది. ఎవరితోనూ మాట్లాడొద్దని నేను చెప్పలేదు. ఒంటరిగా వచ్చి, ఒంటరిగా తీసుకెళ్తానన్న మనిషి ఎంత మర్యాదస్తుడైనా అతని కారెక్కొద్దన్నాను. దారి తప్పితే, నలుగురి ముందు పేరు నిలబెట్టుకోవలసిన గుంపును వెతికి, అందులో పెద్దావిడను అడగమన్నాను. ఆమె అన్నీ శ్రద్ధగా విని వెళ్లింది.

చేరగానే ఫోన్ చేసింది. "మేడమ్, మంచిగనే వచ్చిన. ఈడ అన్ని రైళ్లు టైముకే నడుస్తున్నయ్. మీరు చెప్పింది ఒక్కటి గూడ పనికి రాలే."