రాజేశన్న సంతకం పెట్టలేదు

నిన్న మధ్యాహ్నం మా మగ్గాల సేటు వాట్సాప్ స్టేటస్‌లో రాజేశన్న ఫోటో చూశాను. దండ వేసి ఉంది.

ఫోన్ చేస్తే వదిన ఎత్తింది. ఏడుస్తూనే చెప్పింది.

ఆక్సిజన్ బెడ్ దొరికేలోపే అన్న పోయాడు.

ఆ ఫోటో కింద సేటు ఏం రాశాడో తెలుసా? "వైరస్‌ను చంపే మాస్క్ చేసిన మా సైంటిస్ట్."

పచ్చి అబద్ధం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సూరత్‌లో మేం నడిపే మరమగ్గాల పైఅంతస్తులో అన్న ల్యాబ్. గాజు చిప్‌లో వెంట్రుకంత కాలువలు. ఒకదాంట్లో నిమ్మగడ్డి నూనె, రెండు పక్కల నుంచి నీళ్లు. కలిసేచోట నీళ్లు నూనెను తుంచుతాయి, చుక్క తర్వాత చుక్క. ఆ చుక్కలకు పొర కట్టి బట్టకు పట్టిస్తే దోమలు రావు.

దోమలు. వైరస్ కాదు.

కింద మగ్గాలు, మా మాటలో సాంచలు, ఆడితే పైన బల్ల వణికేది. ఒక చుక్క పెద్దది, ఒకటి చిన్నది. "నీ సాంచ జర బంద్ వెట్టురా, నా చుక్కలు ఆగమైతున్నయ్" అని మెట్ల మీది నుంచి తిట్టేవాడు.

"నీ చుక్కలు బువ్వ పెడతయా అన్నా" అనేవాణ్ణి.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగాయి. ఒకరోజు పైకి పిలిచి స్క్రీన్ చూపించాడు. చుక్కలన్నీ ఒకే సైజు, గుచ్చిన పూసల్లా. నేను చప్పట్లు కొట్టబోయాను.

"ఆగు. మీరు పస్తులుంటే వచ్చిన చుక్కలురా ఇవి" అని లాప్‌టాప్ మూసేశాడు.

అలాంటి మనిషి ముందు, కరోనా రెండో వేవ్ రాగానే, సేటు కాగితం పెట్టాడు. ఈ బట్టతో కుట్టే మాస్కు మీద వైరస్ చస్తుందని సంతకం చెయ్యాలట.

"పహలే టెస్ట్ కరావో, సేఠ్" అన్నాడు అన్న, ముందు టెస్ట్ చేయించమని. అంతే.

సేటు టెస్ట్ చేయించలేదు. మాస్కులు ప్యాక్ చేసే పదిమందిని తెచ్చి ఆ ల్యాబ్‌లో కుక్కాడు. దుమ్ము పడితే చిప్ మూసుకుపోతుందని ఎప్పుడూ కిటికీలు బిగించి ఉండే గది అది.

అన్న కిటికీలు తెరిచాడు. "చిప్ పోతే పోనీ, మనుషులకు గాలి కావాలె."

సేటు మళ్లీ మూయించాడు.

వారంలో ఆరుగురికి జ్వరం. ఏడోవాడు అన్న.

అప్పుడు నేను కిందనే ఉన్నా. జేబులో కార్మిక హక్కుల కరపత్రం పెట్టుకుని, మగ్గం ఆడిస్తూ. ఆ సిగ్గు నాది.

సేటూ, నీకు తెలుగు రాకపోయినా ఎవరో ఒకరు ఇది చదివి వినిపిస్తారు. ఆ ఫోటో తీసెయ్. ఆ కాగితం మీద సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

అన్నా, పొద్దున్నే మగ్గాలు ఆపేశాం. సేటు నీ ఫోటో తీసేసేదాకా ఒక్కటీ ఆడదు. ఈసారి పస్తు మేం కోరుకున్నదే.

నీ బల్ల ఇక వణకదు. నిమ్మళంగ పండుకో.