చక్రపాణి కొండెక్కే ముందు

అమెరికాలోని నోవై ఊళ్లో మంచు మొదలైతే చాలు, చక్రపాణి హవాయిలోని హలేయకలా కొండ ఎక్కడానికి తయారవుతాడు. కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజనీరు, నలభై దాటినవాడు, కాస్త బొజ్జ. శనివారం పొద్దున్నే కొత్త బూట్లు తొడుక్కుని, వీపు సంచిలో సోనామసూరి బియ్యం బస్తా కుక్కుకుని, అపార్ట్‌మెంటు లోపలి మెట్లు ఆయాసంతో ఎక్కి దిగుతాడు. ఎదురైనవాళ్లను ఆపి, "అది డార్మెంట్ వోల్కనో అండీ. నిద్రపోతోంది, ఏం భయం లేదు" అని ధైర్యం చెబుతాడు. రూట్ మ్యాప్ చూస్తూ మీసం దువ్వుకుంటాడు. మార్చిలో మంచు కరిగేసరికి ప్రయాణం మరుసటి ఏటికి వాయిదా పడుతుంది. కొన్నేళ్లుగా ఇదే వరస.

ఈ ఏడు, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్‌లో అతను పులిహోర ప్లేటు పట్టుకుని, కొండ మీద చలి గురించి వివరిస్తుండగా భార్య జ్ఞానప్రసూన ఫోన్‌లోంచి తలెత్తింది. "టికెట్స్ బుక్ చేసేశానండీ, క్రిస్మస్ సెలవులకి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చక్రపాణి ప్లేటు పక్కన పెట్టేశాడు. ఇంటికి వెళ్తుంటే కార్‌లో అసలు సంగతి చెప్పాడు.

"ప్రసూనా, నాకు ఎత్తంటే భయం."

"తెలుసు. మన బాల్కనీలోకి ఒక్కసారైనా వచ్చారా మీరు? పైదాకా కార్ రోడ్డుందటగా. నేను డ్రైవ్ చేస్తాను, మీరు కళ్లు మూసుకోండి."

లోయ అంచున తిరిగే ఆ రోడ్డు మలుపులన్నీ మ్యాప్‌లో చూసినవాడే చక్రపాణి. "వద్దులే, నడిచే వెళ్దాం" అన్నాడు. "భయమేసిన చోట కూర్చోవచ్చు."