రింగు కింద నొక్కు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి. పిడుగురాళ్ల దగ్గర తవ్వడం ఆపేసిన సున్నపురాయి క్వారీలో ఒక రైఫిల్ క్లబ్బు నడిచేది. నరసరావుపేటలో సర్వే పరికరాలు బాగుచేసుకునే నన్ను, ఆదివారాలు రైఫిళ్ల స్కోపులు సరిచెయ్యడానికి పిలిచేవాళ్లు. స్కోపంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి. దానికి టరెట్ అని చిన్న మర ఉంటుంది. ఒక్కో క్లిక్కు తిప్పేకొద్దీ గుండు తగిలే చోటు కాస్త కాస్త జరుగుతుంది.

నాగమణి సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. వారమంతా స్కూల్లో డ్రిల్లు చేయించి, ఆదివారం బస్సెక్కి వచ్చేది. సొంత రైఫిల్ లేదు, క్లబ్బుదే వాడేది. వంద, రెండు వందల మీటర్ల రాష్ట్ర సెలక్షన్‌కు మా క్లబ్బు నుంచి అర్హత వచ్చింది ఆమె ఒక్కదానికే. "నీ వల్లేమవుద్ది" అంటూనే, ఈ ఒక్కసారికి అని భర్త ఒప్పుకున్నాడు.

సెలక్షన్‌కు మూడు వారాల ముందు, ఆమె కాల్చే రైఫిల్ మీద స్కోపు కదులుతోందని క్లబ్బు సెక్రటరీ నన్ను కసిరాడు. స్కోపును పట్టి ఉంచే రింగుల స్క్రూలు గట్టిగా బిగించాను. ఎంత బిగువో కొలిచి చూపే స్క్రూడ్రైవర్ ఉంటుంది. నేను వాడలేదు. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న చెయ్యి, దీనికి కొలతేంది అనుకున్నాను.

తర్వాతి ఆదివారం నాగమణి నా బల్ల దగ్గరకొచ్చింది.

"బాబాయ్, వంద మీటర్లకు బానే ఉంది. రెండొందలకని క్లిక్కులు తిప్పితే మొదటి రెండు మూడు గుండ్లు కదలకుండా కిందే పడుతున్నయ్. ఆ తర్వాత ఒక్కసారే పైకి దూకుతున్నయ్. స్కోపులో ఏదో పట్టేస్తంది."

రింగులు మరీ బిగించానేమోనని నాకు అనుమానం రాలేదనను. వచ్చింది. కానీ సెక్రటరీ పక్కనే నిలబడి వింటున్నాడు. రింగులు విప్పితే చెడగొట్టింది నేనేనని ఆయన ముందే తేలిపోతుంది.

"స్కోపుకేం కాలేదమ్మా. నీకే భుజం బిగుస్తంది. గుండు పేలకముందే ఉలిక్కిపడుతున్నావు," అన్నాను.

"నాకట్టా అనిపించలేదే బాబాయ్."

"ఎవురికీ అనిపించదు తల్లీ."

ఆమె నమ్మింది. ఉలికిపాటు పోవాలని ఆ రెండు వారాలూ క్లబ్బుకొచ్చి ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ లాగడం సాధన చేసింది.

సెలక్షన్‌కు నేనూ వెళ్లాను. వంద మీటర్లలో ఆమెదే మొదటి స్థానం. రెండు వందలకు మారాక గాలి తిరగడం మొదలైంది. గాలికి తగ్గట్టు క్లిక్కులు తిప్పిన ప్రతిసారీ గుండు ఉన్నచోటే పడింది. ఇంకాస్త తిప్పితే అవతలికి దూకింది. మధ్యలో ఒకసారి తలెత్తి వెనక్కి, నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఎంపిక కాక బయటికొచ్చాక, "నా చెయ్యే బాబాయ్. మీరు ముందే చెప్పారు," అంది. అప్పుడన్నా నేను నా అనుమానం బయటపెట్టలేదు. వారం తిరక్కుండా క్లబ్బు కార్డు తిరిగిచ్చేసింది.

రెండు నెలలకు ఒక డాక్టరు అదే రైఫిల్‌తో కాల్చి, అవే మాటలన్నాడు. ఆయన డాక్టరు కాబట్టి వెంటనే విప్పాను. రింగు అంచు దిగిన చోట స్కోపు గొట్టం మీద గోటితో నొక్కినంత నొక్కు. లోపలి అద్దాలు కదలడానికి ఇబ్బందిపడేది అక్కడే.

మరునాడు సత్తెనపల్లి వెళ్లాను. నాగమణి గ్రౌండులో లాంగ్‌జంప్ గుంటలో ఇసుక సర్దుతోంది. జరిగిందంతా చెప్పాను, ఆ రోజే అనుమానం వచ్చిందని కూడా.

ఆమె పార కింద పెట్టింది. "రింగులు విప్పి చూడ్డానికి ఎంతసేపు పట్టేది?"

"పది నిమిషాలు."

"నాకు చేతకాలేదు, ఆయనన్నదే నిజమని మా ఆయన కాడ ఒప్పుకున్నా. ఇప్పుడాయనకి ఏమని చెప్పేది?"

"కొత్త స్కోపు పెడుతున్నారు. మళ్లీ రామ్మా."

"రైఫిల్ పట్టుకుంటే మీరన్న మాటే గుర్తొస్తది బాబాయ్. ఇంక రాను."

పార తీసుకుని మళ్లీ పనిలో పడింది.

అప్పటి నుంచి ఎవరేం చెప్పినా ముందు కాగితం మీద రాసుకుంటాను. స్కోపు విప్పి చూశాకే మాట్లాడతాను. ఖాసిం సాయిబు చానా జాగ్రత్త మనిషని క్లబ్బులో నన్ను మెచ్చుకుంటారు. ఆ జాగ్రత్త ఎవరిని పోగొట్టుకుని నేర్చుకున్నానో వాళ్లకింకా చెప్పలేదు.