బావి ఎండిన ఏడు పుట్టిన పిల్ల

నా చిన్నప్పుడు బీర్పూర్‌లోని మా ఇంట్లో క్యాలెండర్ ఉండేది గానీ, దాని మొహం చూసేవాళ్లే లేరు. మా నాన్న తల్లి, మా బాపమ్మే మాకు క్యాలెండర్. ఆమె లెక్కలో ఏళ్లకు అంకెలుండవు. బర్రె చచ్చిన ఏడు, గోడ కూలిన ఏడు, తాత పోయిన ఏడు, అంతే. నేను పుట్టింది బావి ఎండిన ఏడు. నా వయసు ఎవరడిగినా ఆమె అదే చెప్పేది. విన్నవాళ్లు నన్ను ఎగాదిగా చూసి అయ్యో అనేవాళ్లు, బావి నీళ్లన్నీ నేనే తాగేసినట్టు! నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి.

ఒక వేసవిలో, హైదరాబాదులో రాళ్ల చదువు చదివే పక్కింటి అక్క సెలవులకు వచ్చింది. ఎండిన మా బావిలోకి దిగుతానంటే నేనూ వెంటపడ్డాను. మెట్ల మీద నిలబడి గోడ చూపించింది. పైన నల్లమట్టి, కింద మొరం, దాని కింద బండ. నేను ఉండబట్టలేక మొరం మీద వేలు పెట్టి, "అక్కా, బర్రె చచ్చిన ఏడు గిదేనా?" అన్నాను. అక్క పగలబడి నవ్వింది.

నవ్వాక చెప్పింది. భూమి వయసును కూడా కాలాలుగా విడదీశారట. కొన్నిటికి, ఆ రాళ్లను మొదట చదివిన కొండల పేర్లో సీమల పేర్లో పెట్టారట. అలాంటి ఒక కాలం ఎక్కడ మొదలైందో తేల్చడానికి దేశదేశాల వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారట. చివరికి, పెన్సిల్ గీతంత ఓ సముద్రజీవి అచ్చు మొదటిసారి కనిపించిన రాతిపొర దగ్గర, ఇక్కడి నుంచే కొత్త కాలం అన్నారట. అంత చిన్నదానికి అంత మర్యాదా!

"మరి గా కాలం ఎక్కడ అయిపోతది?" అన్నాను.

"అయిపోయేది ఎవ్వలు గుర్తు పెట్టరు పిల్లా. మొదలే పెడ్తరు. ఇంకో కొత్తది అచ్చినకాడ పాతది అయిపోయినట్టే."

మెట్లు రెండేసి ఎక్కి ఇంటికి పరుగెత్తాను. బాపమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"బాపమ్మా, నన్ను బాయితోని లెక్కవెట్టకు! గా ఏడు నేను అచ్చిన. నా మీదికెల్లి చెప్పు!"

వెనకే వచ్చిన అక్క సంగతంతా వివరించింది. బాపమ్మ చేతులు ఆగాయి. తర్వాత మళ్లీ చింతపండు అందుకుని, కాళ్లు కడుక్కొని బువ్వ తినమంది. నా ప్రాణం ఉసూరుమంది.

నాలుగు రోజులకు, మా పసుపు పంట చూసి కొనడానికి మెట్‌పల్లి నుంచి ఒకాయన వచ్చాడు. బావిలోకి తొంగిచూసి, ఇది ఎప్పుడు ఎండిందని అడిగాడు.

"మా పిల్ల పుట్టిన ఏడు," అంది బాపమ్మ.

తలుపు చాటున ఉన్న నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడు బావికి ఆనవాలు నేనట!

ఇప్పుడు నేనూ బాపమ్మనే. ఊరంతా కరోనా ఏడు అనే ఆ సంవత్సరమే మా ఆయన పోయారు. తలచుకుంటే ఇప్పటికీ దుఃఖం ఆగదు. అయినా ఆయన ఎప్పుడు పోయారని ఎవరైనా అడిగితే, మా చిన్న మనవరాలు పుట్టిన ఏడు అనే చెబుతాను.