చెడ్డకబురు గారు

గొడుగుల ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసే మేనేజరుకు ఒకటే పిచ్చి. రోజుకో చెడ్డకబురు చెవిన పడకపోతే ఆయనకు అన్నం సయించదు. మనిషి ఎదురైతే లోకమంతా "బాగున్నారా?" అని అడుగుతుంది. ఈయన "ఏమైనా చెడిందా?" అని అడుగుతాడు. చెడిందంటే మొహం చాటంత చేసుకుని కుర్చీ దగ్గరకు లాక్కుంటాడు. అంతా బాగానే ఉందన్నారో, ఇక ఆ పూట ఆయన మనిషి కాడు. ఫ్యాక్టరీకి సరుకు పంపేవాళ్లందరూ కలిసి ఆయనకు చెడ్డకబురు గారని పేరు పెట్టారు. ఆ "గారు" దేనికంటే, ఎంతైనా ఆర్డర్లిచ్చే మనిషి.

ఒకసారి కడుపునొప్పి వచ్చి డాక్టరు దగ్గరకు వెళ్లాడు. డాక్టరు నోరు తెరిచేలోపే "ఏమైనా చెడిందా డాక్టరు గారూ?" అని అడిగేశాడు. పాపం, ఆ డాక్టరును అంతవరకు ఆ మాట అడిగిన నాథుడు లేడు. కుర్చీ చక్రం ఊడిన సంగతి, నర్సు చెప్పాపెట్టకుండా మానేసిన సంగతి, అల్లుడు ముభావంగా ఉంటున్న సంగతి అన్నీ వెళ్లబోసుకున్నాడు. చెడ్డకబురు గారు తీరిగ్గా విని, చక్రం తన చేత్తోనే బిగించి ఇంటికొచ్చాడు.

"డాక్టరేమన్నాడండీ?" అని అడిగింది భార్య.

"చాలా కష్టాల్లో ఉన్నాడే పాపం."

"మరి మీ కడుపో?"

"అరెరె!" అని ఆయన మళ్లీ చెప్పులేసుకున్నాడు.

ఆ ఇల్లాలు కూడా కాపురం చేసి చేసి ఆరితేరింది. ఓ మధ్యాహ్నం ఫోనులో మాటవరసకు "ఇంట్లో అంతా బాగానే ఉందండీ" అనేసింది. అంతే, ఆవిడేదో దాస్తోందని ఆయన ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చాడు. అప్పటినుంచి ఆవిడ ఫోను చెవిన పెట్టుకోగానే "కుళాయి కారుతోంది" అని మొదలుపెట్టి, ఆ తర్వాతే అసలు విషయంలోకి వస్తుంది. కుళాయి కారినా సరే, కారకపోయినా సరే.

ఈయనతో అందరికంటే ఎక్కువ వేగింది పిడులమ్మాయి. కరిగిన ప్లాస్టిక్కును అచ్చుల్లో నొక్కి గొడుగు పిడులు పోసే షెడ్డు ఆమెది. తండ్రికి నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నాక, ప్రెస్సులూ పనివాళ్లూ అప్పులవాళ్లూ అందరూ ఆమె నెత్తిన పడ్డారు. షెడ్డు తాళంచెవులతో పాటు తండ్రి ఒక సలహా కూడా ఇచ్చాడు.

"ఎవరేం అడిగినా అంతా బాగానే ఉందని చెప్పమ్మా. వెనకటికి కుర్చీల కంపెనీవాళ్లతో, మన ప్రెస్సు చెడింది, సరుకు కొంచెం ఆలస్యమవుతుందని నిజం చెప్పాను. మర్నాడే ఆర్డరు ఇంకొకడి చేతిలో పెట్టారు. నోరు జారి నోట్లో మట్టి కొట్టుకున్నాను."

ఆ రోజు తండ్రి మొహం ఆమె ఇంకా మర్చిపోలేదు. చెడ్డకబురు లేనిదే పొద్దుపోని మనిషికీ, చెడ్డకబురు చచ్చినా చెప్పకూడదని ఒట్టేసుకున్న మనిషికీ దేవుడు అలా ముడిపెట్టాడు. ఒకరోజు ఆయన షెడ్డుకు వచ్చాడు.

"ఏమైనా చెడిందా అమ్మాయ్?"

"లేదండీ. అంతా బాగానే ఉంది."

"ప్రెస్సో?"

"బంగారంలా ఉందండీ."

"పనివాళ్లెవరూ మానేయలేదూ?"

"లేదండీ."

"పోనీ, కనీసం ఆ ఫ్యానైనా..."

"తిరుగుతోంది కదండీ."

చెడ్డకబురు గారు ఫ్యాను వంక ఆశగా చూశాడు. అది నిక్షేపంగా తిరుగుతోంది. ఆయన ఉసూరుమంటూ లేచి వెళ్లిపోయాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

శనివారం సాయంత్రం ఫ్యాక్టరీ వెనక గదిలో సరుకు పంపేవాళ్లందరినీ ఆయన కూర్చోబెడతాడు. పేరుకు సమీక్షే గాని, జనం పిలిచేది కష్టాల సభ అని. ఆయన ఈ ఉద్యోగంలోకి రాకముందు, గొడుగు ఊచలు చేసే ఊచలాయనా, పైగుడ్డ పంపే గుడ్డలాయనా ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. ఒకసారి గొడుగులన్నీ సగం తెరుచుకుని బిర్రబిగుసుకుపోయాయి. గుడ్డ బిగుతని ఊచలాయన అన్నాడు, ఊచ పొడుగని గుడ్డలాయన అన్నాడు, ఫ్యాక్టరీ ఇద్దరినీ కలిపి తిట్టింది. గొడుగు మాత్రం సగంలోనే ఉండిపోయింది. చెడ్డకబురు గారు వచ్చీ రావడంతోనే ఇద్దరినీ ఒక బల్లకు అటూ ఇటూ కూర్చోబెట్టి, నడుమ ఆ గొడుగు పెట్టాడు. తీరా చూస్తే, ఫ్యాక్టరీవాళ్లే ఊచ కొలత మార్చి, ఊచలాయనకు మాత్రమే చెప్పి, గుడ్డలాయనకు చెప్పడం మర్చిపోయారు.

"చూశారా! తప్పు మాదే!" అని ఆయన లాటరీ తగిలినవాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆనాటినుంచి ఆ ఇద్దరూ ఒకరి షెడ్డుకు ఒకరు వెళ్లి సరుకు సరిచూసుకోవడం మొదలైంది. కష్టాల సభలో ఎవరి వంతు వచ్చినా ఏదో ఒకటి చెడి ఉండాలి. ఏదీ చెడని వారం ఊచలాయన తన పంటినొప్పి గురించి చెప్పి గండం గట్టెక్కేవాడు. పిడులమ్మాయి ఒక్కతే ప్రతి శనివారం "అంతా బాగానే ఉందండీ" అని కూర్చునేది. ఆయన ఆమె వంక పస్తున్న మనిషిని చూసినట్టు చూసేవాడు.

వానాకాలం దగ్గరపడింది. గొడుగులకు అదే పంట. పెద్ద పిడులు ఎన్ని పోసినా ఫ్యాక్టరీకి చాలడం లేదు. పిడులమ్మాయికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అచ్చు చల్లారేదాకా ఆగే ఓపిక లేక, సలసల కాగుతున్న పెద్ద అచ్చు మీద బకెట్టుతో చన్నీళ్లు కుమ్మరించింది. టప్పుమని చప్పుడైంది. అచ్చు నిలువునా పగిలింది.

కొత్త అచ్చు చేయించాలంటే వానలు కాస్తా వెలిసిపోతాయి. విషయం బయటపడితే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే షెడ్డుకు తాళమే. కుర్చీల కంపెనీ పోయిన నాటి ఇల్లు మళ్లీ కళ్లముందు కనిపించి ఆమెకు ముద్ద దిగలేదు. మరునాడూ ఆ మరునాడూ ఎవరికీ చెప్పలేదు. అచ్చు బాగుచేసేవాళ్ల కోసం గుట్టుగా వెతికింది. ఎవరూ దొరకలేదు. ఇంతలో చెడ్డకబురు గారు వీధి మలుపు తిరగడం కనిపించింది.

"ప్రెస్సు నడపండి!" అని పనివాళ్ల మీద అరిచింది.

"అచ్చే లేదు కదమ్మా, ఏం పెట్టి నడపమంటారు?"

"ఉత్తదే నడపండి! చప్పుడు రావాలి, అంతే!"

ప్రెస్సు ఏమీ నమలకుండానే దడదడా దవడలాడించింది. చెడ్డకబురు గారు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైనా చెడిందా అమ్మాయ్?"

"లేదండీ. అంతా బాగానే ఉంది." అంటూనే ప్రెస్సుకు అడ్డంగా జరిగి నిలబడింది.

ఆయన ఈసారి ఉసూరుమనలేదు, లేచీ వెళ్లలేదు. చొక్కా పైగుండీ విప్పుకుని, తీరుబడిగా సొంత గోడు మొదలుపెట్టాడు.

"నా తెలివితక్కువతనం నీకు చెప్పలేదు కదూ? ఊచల కోసమని తీగ కొన్నాను. చవగ్గా వస్తోందని సన్నది కొన్నాను. మొదటి గాలికే గొడుగులన్నీ పైకి విచ్చుకున్నాయి. మిగిలిన తీగ ఏం చేశానో చెప్పుకో."

"ఏం చేశారు?"

"మంచం కింద దాచాను."

"మంచం కిందా!"

"ఇంకెక్కడ దాస్తాం? కింద తీగచుట్టలు, పైన నేను. కంటిమీద కునుకు పడితే ఒట్టు. నా పెళ్లాం చీపురుతో అక్కడికి వస్తే చాలు, ఊడ్చొద్దే, దుమ్ములో బలముందట అనేవాణ్ణి."

ఎంత వద్దనుకున్నా ఆమె పెదవి వంకర తిరిగింది. ఆయన ఇంకొకటి అందుకున్నాడు.

"అదేం చూశావు? ఓసారి నల్లరంగు తొట్టిలో ముంచాల్సిన గుడ్డను ఆకుపచ్చ తొట్టిలో ముంచేశాను. చూడ్డానికి ఎవరొచ్చినా గబగబా లైట్లార్పేసి, కరెంటు పోయిందండీ అనేవాణ్ణి. చీకట్లో అన్నీ నలుపే కదా! చివరికి ఒకాయన టార్చిలైటు తెచ్చుకున్నాడు."

కొనుగోళ్ల మేనేజరుకు రంగు తొట్టితో ఏం పని అన్నది ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకోబోతే, వచ్చేవి నవ్వుకన్నీళ్లు కావని తెలిసింది.

"పెద్ద అచ్చు పగిలిందండీ," అనేసింది. "నేనే పగలగొట్టాను. తొందరపడి చన్నీళ్లు పోశాను. ఆ చప్పుడు కూడా ఉత్తదేనండీ."

ఆర్డరు ఎగిరిపోయే మాట ఏ క్షణానైనా వినాల్సి వస్తుందని తలొంచుకుంది. కాసేపటికి తలెత్తి చూస్తే, చెడ్డకబురు గారి మొహం వెలిగిపోతోంది.

"ఎప్పుడు?"

"మొన్నండీ."

"మొన్ననే చెప్పి ఉంటే మొన్ననే సంతోషించేవాణ్ణి కదమ్మా! ముందు ఆ ప్రెస్సు ఆపమను. పాపం, ఎందుకు దానికా ఆయాసం?"

అక్కడే స్టూలు మీద కూర్చుని ఫోను తీశాడు. మొదట ఊచలాయన. ఆయన దగ్గర పగిలిన అచ్చులు అతికే పనివాడు ఉన్నాడట, ఇప్పుడే పంపిస్తానన్నాడు. అలాంటివాడి కోసమే ఆమె ఊరంతా గాలించింది. తర్వాత ఫ్యాక్టరీలో గొడుగులు బిగించే విభాగం పెద్ద.

"పెద్ద గొడుగులే ముందు కావాలి!" అని ఆయన అవతలనుంచి కేకలేశాడు.

"పిడి లేని పెద్ద గొడుగు ఎవరు కొంటారు సార్? చిన్న అచ్చు బాగానే ఉంది. ముందు పిల్లల గొడుగులు కానిద్దాం. బళ్లు కూడా తెరుస్తున్నారు."

ఆ తర్వాత గుడ్డలాయన. "పెద్ద గొడుగులకని గుడ్డంతా పరిచేసి కూర్చున్నానయ్యా!" అని లబోదిబోమన్నాడు.

"కత్తెర పెట్టావా?"

"ఇంకా లేదు."

"ఇంకేం మరి! చిన్నవి కత్తిరించు. ఈ అమ్మాయి ఇవాళ చెప్పబట్టి నీ గుడ్డ బతికింది. రేపు చెప్పుంటే ఏడ్చేవాడివి."

తొలకరి పడేనాటికి పిల్లల గొడుగులు కొట్లకు చేరాయి. పెద్ద అచ్చు నడుముకు అతుకు వేసుకుని పనిలోకి దిగింది. ఆర్డరు ఆమె దగ్గరే ఉంది. ఆ మాట చెబితే తండ్రి నమ్మలేదు.

"పగిలిందని చెప్పావా?"

"చెప్పాను నాన్నా."

"నువ్వే పగలగొట్టావనీ చెప్పావా?"

"అదీ చెప్పాను."

"చెప్పినా ఉంచారా?" అని ఆయన మళ్లీ మళ్లీ అడిగాడు. ఆ రాత్రి నడుంనొప్పి ఊసెత్తకుండా కంచం ఖాళీ చేశాడు. అది చూసి ఆమె కడుపు నిండిపోయింది.

కొన్నాళ్లకు ఫ్యాక్టరీకి ఒక కొత్తాయన తోడయ్యాడు. గొడుగు మూసి చుట్టే పట్టీలూ, వాటికి బొత్తాలూ ఆయన సరుకు. కష్టాల సభకు వచ్చిన మొదటి శనివారాలన్నీ ఈ బొత్తాలాయన "మా దగ్గర ఏ లోటూ లేదండీ, అంతా ఫస్టు క్లాసు" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఓ శనివారం పిడులమ్మాయి వచ్చేసరికి గదిలోంచి పకపకా నవ్వు వినిపించింది. ఊచలాయన గుమ్మం బయటే చెవి ఒగ్గి నిలబడి ఉన్నాడు. లోపల చెడ్డకబురు గారు గోడు వెళ్లబోసుకుంటున్నాడు.

"...సలసల కాగుతున్న అచ్చండీ! దాని మీద బకెట్టుడు చన్నీళ్లు పోశాను. టప్పుమంది. సిగ్గేసి, ఎవరైనా వస్తే ఉత్త ప్రెస్సే నడిపించేవాణ్ణి!"

పిడులమ్మాయి నోరు వెళ్లబెట్టింది.

"అది నాది కదండీ!" అంది గుసగుసగా.

"ష్!" అన్నాడు ఊచలాయన. "మంచం కింద తీగ కథ నీకు చెప్పాడా?"

"చెప్పారు. నవ్వలేక చచ్చాను."

"అది నాది." ఊచలాయన మెడ గోక్కున్నాడు.

"మరి ఆకుపచ్చ గుడ్డో? లైట్లార్పడం?"

గొడుగు దులుపుకుంటూ మెట్లెక్కి వస్తున్న గుడ్డలాయన వైపు ఊచలాయన గడ్డంతో చూపించాడు.

ఆ మనిషి తన నెత్తిన ఎంతమంది తెలివితక్కువతనాన్ని మోస్తూ ఊరంతా తిరుగుతున్నాడో పిడులమ్మాయికి అప్పుడర్థమైంది. ఆయన మీద ఎక్కడలేని అభిమానం పొంగుకొచ్చింది. కళ్లు తుడుచుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. వెనకే మిగిలిన ఇద్దరూ.

ఆమెను చూడగానే చెడ్డకబురు గారి మొహం పాలిపోయింది.

"ఏమమ్మా, ఈయన చెప్పేది నిజమేనా?" అన్నాడు బొత్తాలాయన నవ్వు ఆపుకోలేక. "కాగే అచ్చు మీద చన్నీళ్లు పోశాడట!"

"నిజమా అంటారేంటండీ! నేను పక్కనే ఉన్నాను," అంది పిడులమ్మాయి నడుం మీద చేయి వేసుకుని. "వద్దు మొర్రో అంటే వినిపించుకున్నారా? బకెట్టెత్తి కుమ్మరించేశారు. పైగా ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలారు. ఇంత వయసొచ్చింది, ఏం లాభం చెప్పండి!"

చెడ్డకబురు గారు ఆమె వంక చూశాడు. మెల్లగా చేతులు కట్టుకుని తల వంచాడు.

"బుద్ధి గడ్డి తింది తల్లీ."

"మంచం కింద తీగ దాచిందీ ఈయనే," అన్నాడు ఊచలాయన గంభీరంగా.

"లైట్లార్పింది చెప్పాడా లేదా?" అన్నాడు గుడ్డలాయన ఇంకా గంభీరంగా. "ఆ టార్చిలైటాయన ముందు ఈయన మొహం చూసి తీరాలి."

బొత్తాలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇలాంటి మనిషిని ఇంకా ఉద్యోగంలో ఎలా ఉంచారండీ బాబూ!" అన్నాడు. కాసేపటికి నవ్వు తగ్గింది. గోడ వంక చూశాడు, బల్ల వంక చూశాడు, కాళ్ల దగ్గరున్న సంచీ వంక చూశాడు.

"అయితే... నాది మీ అంత ఘోరం కాదులెండి," అంటూ సంచీ మూతి ముడి విప్పసాగాడు.

పిడులమ్మాయి ఆయనకు మంచినీళ్ల గ్లాసు అందించి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.